ఆదోని మిల్లుల చరిత్ర: ఒక్క రోజులో పిల్లలకు ఏమేం చూపించవచ్చు?

కామర్స్ మాస్టారు

అందరికీ నమస్కారం. కర్నూలు జిల్లాలో ఒక డిగ్రీ కళాశాలలో పాఠాలు చెబుతున్నాను. ఏటా పారిశ్రామిక పర్యటన పేరుతో పిల్లలను ఏ హైదరాబాదుకో తీసుకెళ్లడం, ఏదో బిస్కెట్ల ఫ్యాక్టరీలో అద్దం అవతలి నుంచి యంత్రాలు చూపించి వెనక్కి తేవడం ఆనవాయితీ అయిపోయింది. ఈసారి ఆదోనిలోనే ఒక రోజంతా తిప్పాలని ఉంది. నా విద్యార్థుల్లో సగం మంది పత్తి రైతుల బిడ్డలే. అయినా గోతం ఇల్లు దాటాక ఆ పత్తి ఏమవుతుందో చెప్పమంటే మొహాలు చూసుకుంటున్నారు.

నాకు తెలియాల్సింది ఇది. ఈ ఊరికి మిల్లులు ఎలా వచ్చాయి, నూలు మిల్లులు ఎందుకు మూతపడ్డాయి, ఈ రోజు వెళ్తే కళ్లతో చూడగలిగేది ఏమిటి? కోట గురించి అంతర్జాలంలో బోలెడంత దొరుకుతోంది. మిల్లుల గురించి అడిగితే మాత్రం అమ్మకానికి ఉన్న స్థలాల ప్రకటనలు వస్తున్నాయి!

కోటగుమ్మం

మాస్టారూ, దొరుకుతోంది కదా అని కోటను పక్కన పెట్టకండి. ఎండ ముదరక ముందే పిల్లలను కొండ ఎక్కించండి. అయిదు కొండల మీద పరుచుకున్న కోట అది. బారాకిల్లా, తాళిబండ అనే రెండు శిఖరాలు మైదానం మీద 800 అడుగుల దాకా లేస్తాయి. విజయనగర రాజులకు ఇది పెట్టని కోట. 1565లో తళ్లికోట యుద్ధం జరిగిన కొద్ది ఏళ్లకే బీజాపూరు సుల్తానుల చేతికి పోయింది. పదిహేడో శతాబ్దంలో ఇక్కడ పాలించిన సిద్ది మసూద్ ఖాన్ కట్టించినదే షాహీ జామియా మసీదు. రాఘవేంద్రస్వామికి మంచాల గ్రామాన్ని, అంటే ఇప్పటి మంత్రాలయాన్ని, రాసిచ్చిన నవాబుగా చెప్పుకునేదీ ఆయననే. స్వామి దయతో ఆ నవాబు దగ్గర దివానైన వెంకన్న కథ మన పిల్లలకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు.

తర్వాత మొగలులు వచ్చారు, ఆపైన నిజాం సోదరుడు బసాలత్ జంగ్ ఇక్కడే కాపురం పెట్టాడు. 1782లో ఆయన పోయాక, 1786లో టిప్పు సుల్తాను నెల రోజులు ముట్టడించి కోటను పట్టుకున్నాడు, బురుజులు కూల్పించాడు. ఇప్పుడు మీరు చూసే శిథిలాల్లో కాలం చేసిన పని ఎంతో, టిప్పు చేసిన పని ఎంతో విడదీసి చెప్పడం కష్టం. 1800లో నిజాం ఈ సీమనంతా కుంఫిణీ వారికి ఇచ్చేశాడు. దత్తమండలాలు అనే పేరు అప్పటిదే.

దిగేటప్పుడు రణమండల ఆంజనేయస్వామి దర్శనం చేయించండి. శనివారం అయితే జనం ఎక్కువ, వేరే రోజు చూసుకోండి.

నల్లరేగడి రైతు

కోటగుమ్మం అన్నా, ఆయన అడిగింది మిల్లుల గురించి. మీరు టిప్పు సుల్తాను దగ్గర ఆగారు. పిల్లలు మధ్యాహ్నం దాకా కొండ మీదే ఉంటే మార్కెట్ యార్డులో టెండర్లు అయిపోతాయి.

కోటగుమ్మం

సంబంధం ఉంది కాబట్టే చెప్పాను. దండు ఉన్న చోట గుడారాలు కావాలి, జంపఖానాలు కావాలి, నవాబుల ఇళ్లకు పట్టు కావాలి. మిల్లు పొగగొట్టం లేవకముందే ఇది నేత ఊరు. వంద సంవత్సరాల నాటి ఏ పాత గ్రంథం తిరగేసినా ఆదోని పేరు పక్కన జంపఖానాలు, పట్టు, నూలు బట్టలు అని ఉంటుంది. ఆ తర్వాతే పత్తి గింజ తీసే జిన్నింగు, బేలు కట్టే ప్రెస్సు ఫ్యాక్టరీల మాట.

రికార్డుల గది

కోటగుమ్మం గారు చెప్పినదానికి కొనసాగింపుగా నాలుగు మాటలు.

మాస్టారూ, ముందుగా ఒక సంగతి. పాత కాగితాల కోసం కర్నూలు జిల్లా దస్త్రాలు తిరగేస్తే మీకు ఆదోని దొరకదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు బళ్లారి జిల్లాలోవి. ఆ రోజున ఆదోని, ఆలూరు కర్నూలుకు, రాయదుర్గం అనంతపురానికి వచ్చాయి. కాబట్టి మిల్లుల తొలి చరిత్ర అంతా బళ్లారి గెజెటీర్లలో ఉంటుంది.

ఇక అసలు విషయం. ఆదోనిని మిల్లుల ఊరు చేసింది రైలు. మద్రాసు నుంచి వచ్చిన లైను, బొంబాయి నుంచి వచ్చిన లైను 1871లో రాయచూరు దగ్గర కలిశాయి. ఆదోని ఆ దారి మీదే ఉంది. అంతకు ముందు ఈ నల్లరేగడి పత్తి ఎద్దుల బండ్ల మీద కోస్తా దాకా వారాల తరబడి నడిచేది. వానకు తడిసేది, దారిలో దుమ్ము పట్టేది. 1861 నుంచి 1865 దాకా అమెరికాలో అంతర్యుద్ధం జరిగి అక్కడి పత్తి ఆగిపోయినప్పుడు ఇంగ్లండు మిల్లులు మన దేశం మీద పడ్డాయి. ధరలు ఆకాశాన్నంటాయి. యుద్ధం ముగియగానే అంత వేగంగానూ కూలాయి. మన దగ్గర రైలు ఆ గిరాకీ అంతా అయిపోయాకే వచ్చింది! దాని వెనకే 1876-78 నాటి ధాత కరువు వచ్చింది. బళ్లారి, కర్నూలు, కడప సీమలో ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. ఇన్ని దెబ్బలు తిన్నాక కూడా ఇక్కడ జిన్నింగు ఫ్యాక్టరీలు లేచాయంటే కారణం ఒక్కటే: పట్టాల పక్కనే బేలు కట్టి వ్యాగన్‌లో వేస్తే నేరుగా బొంబాయి చేరుతుంది.

1901 జనాభా లెక్కల్లో ఆదోనిలో 30,416 మంది ఉన్నారు. ఆనాటి మన సీమకు అది పెద్ద పట్నమే. 2011 నాటికి లక్షా అరవై వేలు దాటింది.

పసిడిపురి

ప్రొద్దుటూరు నుంచి రాస్తున్నాను. చర్చ బాగుంది. అయితే ఎవరైనా "ఆదోని రెండో బొంబాయి" అనడం మొదలుపెట్టక ముందే చెబుతున్నాను, ఆ పేరు మాది.

నల్లరేగడి రైతు

ఇదుగో, వచ్చారు. ఎవరూ అనకముందే వచ్చారు.

పసిడిపురి

రాకుండా ఎలా ఉంటాం? బంగారం మాది, దసరా మాది. అమ్మవారిశాల ఉత్సవాలకు రండి, ఊరంటే ఏమిటో చూపిస్తాం. పత్తి, నీలిమందు వ్యాపారం మా ఊళ్లో బ్రిటిష్ కాలం నుంచీ ఉంది. పెన్న ఒడ్డున జిన్నింగు మిల్లులు మాకూ ఉన్నాయి.

రికార్డుల గది

ఈ బిరుదు మీద రెండు ఊళ్లూ పట్టా చూపించలేవు. వ్యాపారం జోరుగా సాగే ఊరికల్లా జనం ఆ పేరు పెట్టేశారు. కాకపోతే తేడా ఒకటి ఉంది. ప్రొద్దుటూరును అలా పిలవడానికి బంగారం, వస్త్ర దుకాణాలు కారణం. ఆదోని పేరు వెనక పత్తి బేళ్లు, బొంబాయి రైలు, అక్కడి నుంచి వచ్చి స్థిరపడిన మార్వాడీ, గుజరాతీ వ్యాపారులు ఉన్నారు. పత్తి ధర బొంబాయిలో కదిలితే ఇక్కడ కదిలేది. ఆ లెక్కన ఆదోని వాదన కొంచెం గట్టిదని నా అభిప్రాయం. పసిడిపురి గారు కోపగించుకున్నా సరే.

పసిడిపురి

కోపం లేదు. అప్పీలుకు వెళ్తాం.

నిర్వాహకుడు

బిరుదుల వివాదం కావాలంటే వేరే శీర్షిక తెరవండి. ఇక్కడ మాస్టారి ప్రశ్న నడవనివ్వండి.

రింగ్‌ఫ్రేమ్

జిన్నింగు మిల్లు వేరు, నూలు మిల్లు వేరు. ఇక్కడ రెండూ కలిపేస్తున్నారు కాబట్టి రాస్తున్నాను. జిన్నింగులో గింజ వేరు చేస్తారు, దూదిని బేలు కడతారు, అంతే. నూలు మిల్లులో ఆ బేలు విప్పి దారం తీస్తారు. ఆదోనిలో రెండు రకాలూ నడిచాయి. మా నాన్న నూలు మిల్లులో రింగ్ ఫ్రేముల దగ్గర పనిచేశారు.

పిల్లలకు చెప్పడానికి పనికివస్తుందని వివరంగా రాస్తున్నాను. బేలు ముందు బ్లోరూముకు వెళ్తుంది. అక్కడ గాలితో దూదిని విదిలించి చెత్త తీస్తారు. తర్వాత కార్డింగు యంత్రం సన్నటి ముళ్ల తీగలతో పీచును దువ్వి, వేలి లావు దూది తాడుగా బయటికి వదులుతుంది. ఆ తాళ్లను కలిపి, లాగి, మళ్లీ కలిపి, మళ్లీ లాగి సన్నం చేస్తారు. చివరికి రింగ్ ఫ్రేము దగ్గర మెలిక పడి దారమవుతుంది. కదురు నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది. ఇనుప రింగు మీద గోరు ముక్కంత లేని ట్రావెలర్ అనే కొక్కెం పరుగెడుతూ దారాన్ని కండె మీదికి చుడుతుంది.

మా నాన్న పని తెగిన పోగులు అతికించడం. ఎడమ చేత్తో తిరుగుతున్న కండెను ఆపి, కొస వెతికి, ట్రావెలర్‌లోంచి దూర్చి, పైన రోలరు నుంచి జారుతున్న దూదికి తాకించి వదిలేయాలి. రెప్పపాటులో అయిపోవాలి. లేదంటే పక్క కదురు దగ్గర ఇంకొకటి తెగుతుంది. మా నాన్న కుడి చూపుడు వేలి చివర ఒక గీత ఉండేది, బ్లేడుతో గీసినట్టు. రోజూ వేలసార్లు దారం రాసుకున్న చోటు అది.

లోపల ఎప్పుడూ తేమగా ఉండాలి, పొడిగాలి తగిలితే దారం తెగుతుంది. మన ఆదోని ఎండల్లో ఆ షెడ్డులోకి వెళ్తే తడిగుడ్డ కప్పినట్టు ఉండేదని చెప్పేవారు. ఆ చప్పుడులో మాట వినపడదు కాబట్టి అందరూ పెదవుల కదలిక చూసి మాట్లాడుకునేవారు. ఇంట్లో కూడా ఆయనకు నెమ్మదిగా మాట్లాడటం రాలేదు. ఆయన ఊపిరితిత్తుల్లో ఎంత దూది చేరిందో చివరి రోజుల్లో తెలిసింది. యాజమాన్యం ఒక్క రూపాయి వైద్యం ఖర్చు ఇవ్వలేదు. దాని గురించి ఇక్కడ రాయను.

కామర్స్ మాస్టారు

రింగ్‌ఫ్రేమ్ గారూ, మీరు రాసినది పాఠంలా కాదు, పనిలా ఉంది. మీ అనుమతితో పిల్లలకు చదివి వినిపిస్తాను. మూతపడటానికి కారణాలు కూడా చెబుతారా?

రింగ్‌ఫ్రేమ్

తప్పకుండా వినిపించండి. కారణాలు నాకంటే రికార్డుల గది గారు బాగా చెబుతారు.

రికార్డుల గది

1960ల చివరికే దేశమంతటా పాత మిల్లులు ఖాయిలా పడ్డాయి. యంత్రాలు అరిగిపోయాయి, యజమానులు లాభాలను కొత్త యంత్రాల మీద పెట్టలేదు. నడపలేని మిల్లులను ప్రభుత్వం ముందు తన అజమాయిషీలోకి తీసుకుంది. తర్వాత చట్టం చేసి 1974 ఏప్రిల్ 1 నుంచి 103 మిల్లులను జాతీయం చేసి జాతీయ జౌళి సంస్థకు అప్పగించింది. ఆ 103లో ఆదోని కాటన్ మిల్స్ ఒకటి. తాడిపత్రి దగ్గరున్న అనంతపూర్ కాటన్ మిల్స్ కూడా అదే జాబితాలో ఉంది. రేణిగుంటలోని తిరుపతి కాటన్ మిల్స్, వరంగల్లులో నిజాం కాలంలో పెట్టిన ఆజంజాహీ మిల్లు కూడా ఆ జాబితాలోవే.

జాతీయం చేయడంతో ఉద్యోగాలు నిలబడ్డాయి, మిల్లులు మాత్రం నిలబడలేదు. పెట్టుబడి సరిగా రాలేదు. తొంభైలలో సరళీకరణ వచ్చింది, మరమగ్గాలు వచ్చాయి, పాలిస్టర్ వచ్చింది. నష్టాలు పేరుకుపోయి సంస్థే ఖాయిలా పరిశ్రమల బోర్డు ముందుకు వెళ్లింది. ఇక బతికించలేమనుకున్న మిల్లులను ఒక్కొక్కటిగా మూసి, కార్మికులకు స్వచ్ఛంద పదవీ విరమణ ఇచ్చి పంపేశారు. స్వచ్ఛందం అనే మాట కాగితం మీద ఉంది. గేటుకు తాళం వేశాక స్వచ్ఛందం ఏముంటుంది?

ఒక సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. "మన మిల్లు మాత్రమే పోయింది, మన వాళ్లే చేతగానివాళ్లు" అని ఆదోనిలో చాలామంది అనుకుంటారు. కాదు. బొంబాయిలో గిర్నీలకు గిర్నీలే పోయాయి. ఇంకో సంగతి: నూలు మిల్లు పోయింది గానీ పత్తి పోలేదు. అదే ఈ ఊరి విచిత్రం. దారం తీయడం ఆగిపోయిన ఊళ్లో జిన్నింగు ఇప్పటికీ నడుస్తోంది.

గుంతకల్లు జంక్షన్

మా ఊరి మాట కూడా ఎత్తండి. గుంతకల్లులో సహకార స్పిన్నింగ్ మిల్లు ఉండేది. చేనేత సహకార సంఘాలు వాటాలు వేసుకుని, మగ్గాలకు నూలు మనమే తీసుకుందామని 1950లలో నిలబెట్టిన మిల్లు. దేశంలో ఆ పద్ధతిలో వచ్చిన తొలి మిల్లుల్లో అదొకటి. ఇప్పుడు మూతపడి ఉంది. రైల్వే వాళ్లది కాబట్టి జంక్షన్ మిగిలింది, నేతగాళ్లది కాబట్టి మిల్లు పోయింది అని మా పెదనాన్న అనేవారు.

పడుగు పేక

గుంతకల్లు అన్నా, ఆ నూలు మా ఇంటికి వచ్చేది. మాది ఎమ్మిగనూరు.

మిల్లు దారం కండెల మీద వస్తే మగ్గానికి పనికిరాదు. చిలపలు, అంటే వదులుగా చుట్టిన నూలు కట్టలు, కావాలి. రంగులో ముంచాలన్నా, గంజి పెట్టాలన్నా చిలప విప్పి ఆరేయాలి. ఒక చిలప 840 గజాలు. ఒక పౌను బరువుకు ఎన్ని చిలపలు తూగితే అది అన్నో నంబరు నూలు. ఇరవై నంబరు అంటే ముతక, దుప్పట్లకు. వంద నంబరు అంటే సన్నం, చీరలకు. మా జేజి చిలపను వేళ్ల మధ్య పెట్టి నలిపి నంబరు చెప్పేది, తక్కెడ అవసరం ఉండేది కాదు.

మాస్టారూ, వీలుంటే ఎమ్మిగనూరు కూడా కలపండి. ఆదోని నుంచి గంటలోపే. 1938లో మాచాని సోమప్ప గారు చేనేత కార్మికుల సహకార సంఘం పెట్టారు. అప్పులిచ్చే షావుకార్ల చేతుల్లో నలిగిపోతున్న నేతగాళ్లకు నూలు ఇచ్చి, బట్ట తీసుకుని, కూలి చేతిలో పెట్టిన సంఘం అది. ఎమ్మిగనూరు దుప్పట్లు, తువాళ్లు అన్న పేరు ఆ సంఘం చలవే. ఆయనకు పద్మశ్రీ కూడా వచ్చింది. ఇప్పుడు మగ్గాలు తగ్గాయి. జనవరిలో నీలకంఠేశ్వరస్వామి జాతరకు వస్తే ఊరు పాత కళతో ఉంటుంది.

పెన్న ఒడ్డు

తాడిపత్రి వాడిని. పైన మా మిల్లు పేరు వచ్చింది కాబట్టి చిన్న మాట. మా ఊరికి వచ్చేవాళ్లు బుగ్గ రామలింగేశ్వరాలయం, చింతల వెంకటరమణస్వామి ఆలయం చూసి వెళ్లిపోతారు. చూడాల్సిందే. బుగ్గ గుడి గోపురాల రాతి భాగం కింది నుంచి పై దాకా ఖాళీ లేకుండా చెక్కారు, అలాంటిది మన వైపు ఇంకెక్కడా కనిపించదు. కానీ మిల్లు సంగతి అడిగేవాళ్లు లేరు. మా ఊళ్లో నల్లబండల పరిశ్రమ, తర్వాత సిమెంటు వచ్చి జనాన్ని తీసుకున్నాయి. ఆదోనికి అలాంటి ప్రత్యామ్నాయం రాలేదు, వలస వచ్చింది.

నల్లరేగడి రైతు

ఇంతసేపూ మిల్లులే. పత్తి లేకుండా మిల్లు ఎక్కడిది? మేం కూడా ఉన్నాం.

ఆ రోజుల్లో ఇక్కడి పత్తిని వ్యాపారులు వెస్టర్న్స్ అనేవారు. నంద్యాల వైపు పండేది నార్తర్న్స్. రెండూ దేశవాళీ రకాలే. వెస్టర్న్స్ పీచు పొట్టి, ముతక నూలుకే పనికొచ్చేది. అయితే వాన లేకపోయినా నల్లరేగడిలో దిగిన వేరుతో నిలబడి కాసేది. పురుగుమందు అన్న మాటే లేదు. బళ్లారి దగ్గర హగరిలో, ఇటు నంద్యాలలో 1906 నుంచి వ్యవసాయ పరిశోధనా క్షేత్రాలు ఉన్నాయి. తర్వాత అమెరికన్ రకాలు, సంకర రకాలు వచ్చాయి. నంద్యాల నుంచి వచ్చిన నరసింహ రకాన్ని మా చేలల్లో చాలా ఏళ్లు వేశాం. 2002లో బీటీకి అనుమతి వచ్చాక అన్నీ పోయి అదొక్కటే మిగిలింది. దిగుబడి పెరిగింది, ఖర్చు దాన్ని మించి పెరిగింది. ఇప్పుడు గులాబీ రంగు పురుగు దానికీ లొంగడం లేదు.

మాస్టారూ, పిల్లలను యార్డుకు తీసుకొస్తే ఒకటి చూపించండి. కొనేవాడు కుప్పలో చెయ్యి పెట్టి లోపలి నుంచి గుప్పెడు తీస్తాడు, పైన ఉన్నది నమ్మడు. దూది కొంచెం పీకి రెండు బొటనవేళ్ల మధ్య పట్టుకుని లాగుతాడు, చివర్లు సమం చేస్తాడు, మళ్లీ లాగుతాడు. పీచు పొడుగు ఎంతో అక్కడే తెలుస్తుంది. తర్వాత గింజను పంటితో కొరుకుతాడు. టప్పుమని పగిలితే ఆరింది, మెత్తగా దిగితే తేమ ఉంది. భారత పత్తి సంస్థ వాళ్లయితే మీటరు పెడతారు. ఎనిమిది శాతం దాటితే ధర కోత, పన్నెండు దాటితే వద్దంటారు. మీటరుతో గొడవపడవచ్చు, పంటితో ఎలా గొడవపడతాం?

జిన్నింగ్ వాకిలి

అన్నా, యార్డు దాటాక ఏమవుతుందో నేను చెబుతాను. మా అమ్మ, మా పెద్దమ్మ, నేను కొన్నాళ్లు, ముగ్గురం జిన్నింగు మిల్లులో పనిచేశాం.

లారీ దించగానే కుప్ప మీద ఆడవాళ్లం కూర్చుంటాం. ఆకు, కాయ తొడిమె, పురుగు పట్టిన గుజ్జు, గోతం దారం, గుట్కా కాగితం, అన్నీ ఏరాలి. ఒక్క ప్లాస్టిక్ దారం దూదిలో కలిసినా రంగు పట్టదని మిల్లు వాళ్లు బేలంతా వెనక్కి పంపుతారు. తర్వాత జిన్ను. రెండు తోలు రోలర్లు, వాటికి ఆనుకుని కత్తి. రోలరు పీచును లాక్కుంటుంది, గింజ కత్తికి తగిలి కిందికి రాలుతుంది. క్వింటాలు పత్తి పోస్తే ముప్పై మూడు, ముప్పై అయిదు కిలోల దూది వస్తుంది. మిగిలినదంతా గింజే. గింజ నూనె మిల్లుకు పోతుంది. చెక్క పశువులకు. దూది ప్రెస్సులోకి వెళ్లి ఇనుప పట్టీలతో 170 కిలోల బేలుగా బయటికి వస్తుంది. వ్యాపారులు దూది ధర చెప్పేది మాత్రం క్యాండీల్లో. క్యాండీ అంటే 356 కిలోలు. అంటే రెండు బేళ్ల కంటే పదహారు కిలోలు ఎక్కువ. కామర్స్ పిల్లలు ఈ లెక్క చేయాల్సిందే.

భయం ఒక్కటే, నిప్పు. పత్తిలో చిన్న రాయి వచ్చి ఇనుముకు తగిలితే చాలు, నిప్పురవ్వ. పైన మంట కనపడదు, లోపల్లోపల పాకుతుంది. ఆర్పేశాం అనుకున్న బేలు మూడో రోజు విప్పితే మళ్లీ అంటుకుంటుంది. అందుకే అగ్గిపెట్టె, బీడీ గేటు దగ్గరే లాక్కుంటారు. మీ పిల్లల్లో ఎవరి జేబులోనైనా ఉంటే ముందే తీసేయమనండి.

ఒక్క మనవి సార్. మిల్లుల చరిత్ర అంటే అందరూ యజమానుల పేర్లు, మగవాళ్ల యూనియన్లు చెబుతారు. జిన్నింగులో సగానికి పైగా ఆడవాళ్లం. సీజన్ అయిపోతే ఎవరూ మా పేర్లు రాసుకోరు.

కామర్స్ మాస్టారు

అమ్మా, మీ మాట తప్పకుండా గుర్తుంచుకుంటాను. మా తరగతిలో ఆడపిల్లలే ఎక్కువ. ఏరే చోట వాళ్లను నిలబెట్టి చూపిస్తాను, మాట్లాడిస్తాను కూడా.

కోటగుమ్మం

ఊళ్లో ఇంకో రెండు చోట్లు చేర్చుకోండి. మహాయోగి లక్ష్మమ్మవ్వ గుడి. ఆదోనిలో కులమతాలతో పని లేకుండా అందరూ వెళ్లే చోటు. రథోత్సవం రోజున పాత మిల్లు కుటుంబాలు ఎక్కడెక్కడి నుంచో వస్తాయి. రెండోది బసాలత్ జంగ్ సమాధి. పెద్దతుంబళం వెళ్లే ఓపిక ఉంటే అక్కడి పార్శ్వనాథుని జైన తీర్థం చూడండి. ఇక్కడి పత్తి వ్యాపారంలో ఉన్న జైన కుటుంబాలకు అది ముఖ్యమైన క్షేత్రం. రైలు దిగి వ్యాపారానికి వచ్చినవాళ్లు ఈ నేలతో ఎలా కలిసిపోయారో అక్కడ తెలుస్తుంది.

రింగ్‌ఫ్రేమ్

ఎక్కడైనా మూతపడిన నూలు మిల్లు గోడ అవతలి నుంచి కనిపిస్తే కప్పు చూపించండి. రంపం పళ్లలా వరుసగా ఉంటుంది. ఆ పళ్ల నిలువు వైపు అద్దాలు ఉత్తరానికి ఉంటాయి. ఎండ నేరుగా పడకుండా రోజంతా ఒకే వెలుతురు రావాలని. కరెంటు దీపాలు సరిగా లేని రోజుల్లో దారం కొస కనిపించాలంటే అదే దారి. లోపలికి మాత్రం పోనివ్వకండి. కప్పు రేకులు ఊడుతున్నాయి, పాములు ఉంటాయి. కాపలావాళ్లు కూడా మర్యాదగా మాట్లాడరు.

రికార్డుల గది

వరుస ఇలా పెట్టుకోండి మాస్టారూ. పొద్దున కోటలో సగం దాకా, పైదాకా వద్దు. దిగి స్టేషన్ వైపు వచ్చి ఉగ్గాని, బజ్జీ తినండి. తొమ్మిదిన్నర, పదికల్లా యార్డు. అక్కడి నుంచి జిన్నింగు మిల్లు, ప్రెస్సు, నూనె మిల్లు. మధ్యాహ్నం భోజనం అయ్యాక జామియా మసీదు. నమాజు వేళ కాకుండా చూసుకోండి. చివరన రైల్వే గూడ్స్ యార్డు బయట నిలబడి 1871 సంగతి చెప్పండి. ఎమ్మిగనూరు ఇంకో రోజు. ఒకే రోజులో కుక్కితే పిల్లలకు దేనికీ న్యాయం జరగదు.

పడుగు పేక

ఎమ్మిగనూరును మళ్లీ పక్కన పెట్టారు. అలవాటే లెండి. వచ్చే రోజు చెప్పండి, మా పక్కింటి మగ్గం చూపిస్తాను. పిల్లలను గుంటలో కూర్చోబెట్టి తొక్కిస్తాను కూడా.

పసిడిపురి

ఎవరూ అడగలేదు గానీ, ప్రొద్దుటూరు నుంచి కూడా ఆహ్వానం ఉంది. దసరాకు.

నల్లరేగడి రైతు

మాస్టారూ, సీజన్ చూసుకుని రండి. అక్టోబరు చివర నుంచి పత్తి మొదలవుతుంది. డిసెంబరు, జనవరిలో యార్డు నిండుగా ఉంటుంది. మే నెలలో వస్తే వేరుశనగ తొక్కలు, ఖాళీ ప్లాట్‌ఫారాలు తప్ప ఏమీ ఉండదు. ఆదివారం సెలవు. పండగల ముందు కూడా కొన్నిసార్లు కొనుగోళ్లు ఆపుతారు, ముందే కనుక్కోండి.

ఇంకో సంగతి. కొలత అయ్యాక రైతుకు ఇచ్చే తక్‌పట్టీ ఒకటి అడిగి తీసుకోండి. తూకం, ధర, కమీషను, హమాలీ, దడవాయి (తూకం వేసేవారి) కూలి, అన్నీ ఒక చిట్టీ మీద ఉంటాయి. మొత్తం పైన రాసిన సంఖ్యకూ, కింద చేతికి వచ్చే సంఖ్యకూ మధ్య ఏం జరిగిందో పిల్లలతో లెక్క కట్టించండి. నాది తెస్తాను, పేరు చెరిపేసి పిల్లలకు ఇవ్వవచ్చు.

కామర్స్ మాస్టారు

అందరికీ ధన్యవాదాలు. డిసెంబరు రెండో వారంలో, మధ్యలో ఏదో ఒక రోజు అనుకుంటున్నాను. పిల్లలు నలభై మంది దాకా ఉంటారు. యార్డుకు ఉత్తరం పెడతాను. జిన్నింగు మిల్లు యజమానుల్లో ఎవరైనా అంతమందిని లోపలికి రానిస్తారా? తెలిసినవారు ఉంటే పరిచయం చేయగలరా?

జిన్నింగ్ వాకిలి

నలభై మందిని ఒక్కసారిగా రానివ్వరు సార్, రెండు జట్లుగా చేయండి. మా అమ్మ పనిచేసిన మిల్లులో మేస్త్రీ ఇంకా ఉన్నారు, అడిగి చెబుతాను. ఆడపిల్లలు జుట్టు ముడి వేసుకోవాలి, చున్నీలు వదులుగా ఉండకూడదు. బెల్టుల దగ్గర పట్టుకుంటే ప్రమాదం. ముక్కుకు గుడ్డ కట్టుకోమనండి.